మందు లేని వరస

ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లలు నన్ను కలిసినప్పుడల్లా "సార్, మీ రోజుల్లో మిషన్లు ఉండేవి కావు కదా, ఎట్లా చేసేవాళ్ళు?" అని జాలిగా అడుగుతారు. నాకు ఒళ్ళు మండుతుంది. నేను రిటైరై ఎంతో కాలం కాలేదు. మిషన్లు మాకూ ఉండేవి, మీకంటే శుభ్రంగా కూడా ఉంచుకున్నాం. కానీ మిషన్ చూపించిన అంకె సరిగ్గానే ఉండి, దాని అర్థం మాత్రం ఎవరికీ అంతుపట్టక, మా అందరికీ వెన్నులో చలి పుట్టిన సందర్భం ఒకటుంది. అది చెబుతాను. మధ్యలో ఫోన్ చూడకుండా వినండి.

నా ఉద్యోగంలో చివరి ఏళ్ళు ఆర్మూర్‌లో గడిచాయి. పెర్కిట్ వైపు, హైవేకి కాస్త లోపలగా ఒక చిన్న ప్రైవేటు ప్రయోగశాల ఉండేది. ఒకప్పుడు రైస్‌మిల్లు కోసం కట్టిన షెడ్డు అది, గోడలు ఎత్తు, కిటికీలు తక్కువ. పసుపుతో కొలెస్ట్రాల్ తగ్గించే క్యాప్సూల్ తయారు చేసి అమ్మాలని మా యజమాని ఉబలాటం. ఆయన హైదరాబాద్‌లో కూర్చుని ఫోన్లో తొందరపెట్టేవాడు. మనుషులకు అమ్మేముందు జంతువుల మీద చూడాలి గనక కుందేళ్ళను తెప్పించారు. కుందేలు గడ్డి తిని బతికే ప్రాణి. దాని మేతలో కొలెస్ట్రాల్ కలిపితే దాని ఒళ్ళు తట్టుకోలేదు. కొన్ని వారాలకే నెత్తురు తీసి నిలబెడితే, పైన తేటగా తేలవలసిన సీరం పాలలా తెల్లగా వస్తుంది. 

గదిలో రెండు వరసల బోనులు, రెండింటికీ అదే కొవ్వు మేత. ఒక వరసకు మేతతో పాటు మా క్యాప్సూల్ పొడి కూడా పెట్టేవాళ్ళం. అది మందు వరస. రెండో దానికి ఏమీ లేదు. మందు పని చేసిందని చెప్పాలంటే మందు ముట్టనివాటితో పోల్చి చూపించాలి కదా, అందుకని ఆ రెండో వరస. దాన్ని మేం మందు లేని వరస అనేవాళ్ళం.

అక్కడ పని చేసింది ముగ్గురం. నెత్తురు పరీక్షలు నావి. కుందేళ్ళ ఆరోగ్యం చూడటానికి వెటర్నరీ చదివి కొత్తగా చేరిన డాక్టరమ్మ ఉండేది, తెలివైన పిల్ల, నోరు కూడా తెలివైనదే. మేత పెట్టడం, బోనులు కడగడం పెర్కిట్ నుంచి నడిచి వచ్చే ఒక ముస్లిం ఆవిడ పని. మేమంతా ఆమెను ఖాలా, అంటే పిన్నమ్మ, అని పిలిచేవాళ్ళం. మంచి మనిషి. కుందేళ్ళతో ఉర్దూలో, మాతో తెలుగులో మాట్లాడేది, కోపం వస్తే రెండూ కలిపేది.

చేరిన కొత్తలోనే ఆమె డాక్టరమ్మను నిలదీసింది. "గవి ఏం పాపం జేసినయ్ డాక్టరమ్మా? ఇటు దిక్కు వాటికి బీమారి ఇచ్చి దవా గూడ ఇస్తున్నరు. అటు దిక్కు వాటికి ఉత్త బీమారే ఇస్తున్నరు. గిదేం ఇన్సాఫ్, గిదేం న్యాయం?"

డాక్టరమ్మ ఓపిగ్గా కూర్చోబెట్టి పోల్చి చూడటం గురించి చెప్పింది. ఖాలా అంతా విని తల ఊపి, "అచ్ఛా" అని లేచి వెళ్ళిపోయింది.

అది పసుపు సీజన్. ఉడకబెట్టి ఎండబెట్టిన కొమ్ములను పెద్ద ఇనుప డ్రమ్ముల్లో వేసి తిప్పుతారు, పొట్టు రాలి కొమ్ము నునుపెక్కి మెరుస్తుంది. పొద్దున మొదలైతే మధ్యాహ్నం తిండివేళ దాకా ఏదో ఒక దిక్కు నుంచి ఆ డ్రమ్ముల దొర్లుడు వినిపిస్తూనే ఉండేది. తిండివేళ కరెంటు ఆపేస్తే చుట్టుపక్కలంతా ఒక్కసారిగా నిశ్శబ్దమయ్యేది. ఆ నిశ్శబ్దంలోనే మొదటిసారి నాకు ఆ చప్పుడు వినిపించింది.

కరకర. కాసేపు ఆగి, మళ్ళీ కరకర. ఎవరో రాతి మీద రాయి పెట్టి మెల్లగా నూరుతున్నట్టు. ఎలుకలేమో అనుకుని జంతువుల గది తలుపు తీశాను. మందు వరసలో కుందేళ్ళు మామూలుగానే మేత తింటున్నాయి. ఎదురు వరసలో మాత్రం ఒక్కటీ తినడం లేదు. అన్నీ వెనక్కి తిరిగి, బోను వెనక రేకుకి తలలు ఆనించి కూర్చున్నాయి. కూర్చుని పళ్ళు నూరుతున్నాయి. నేను చప్పట్లు కొట్టాను. మామూలుగా అయితే చెవులు నిక్కపొడుచుకుని గంతులు వేస్తాయి. ఒక్కటీ తిరిగి చూడలేదు.

"నొప్పి ఉంటే కుందేలు పళ్ళు నూరుతుంది సార్" అంది డాక్టరమ్మ. ముఖం తెల్లబోయింది. "కానీ అన్నీ ఒకేసారి ఎందుకు? అదీ ఆ వరసలోనే ఎందుకు?"

ఆ వారం నెత్తురు తీస్తే ఇంకా వింత. మందు వరస సీరం తెల్లగా ఉంది. మందు లేని వరస సీరం తేటపడుతోంది! చీటీలు తారుమారు అయ్యాయేమోనని డాక్టరమ్మ నన్ను అనుమానంగా చూసింది. నేనేం తక్కువ తిన్నానా, ఆమెను అనుమానంగా చూశాను. ఇద్దరం కలిసి మళ్ళీ నెత్తురు తీశాం. మళ్ళీ అదే. తినకపోతే కొవ్వు లోపలికి పోదు, పోకపోతే నెత్తురులో తగ్గుతుంది, అంతవరకు అర్థమైంది. మేత ఒకటే, నీళ్ళు ఒకటే, గాలి ఒకటే. మరి ఎందుకు తినడం లేదు?

యజమానికి ఫోన్ చేసి చెప్పాను.  "మందు వేయనివాటికే తగ్గితే నేను దేన్ని అమ్మాలయ్యా?" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

తర్వాత చావులు మొదలయ్యాయి. కుందేలు అరవదని చాలామంది అనుకుంటారు. చచ్చేటప్పుడు అరుస్తుంది. ఒక మధ్యాహ్నం నేను టీ తాగుతుంటే లోపలి నుంచి పసిపిల్ల గుక్కపట్టి ఏడ్చినట్టు కేక వచ్చింది. కప్పు జారి కాళ్ళ మీద పడింది. పరుగెత్తి వెళ్ళేసరికి రేకుకి తల ఆనించి ఉన్న ఒక కుందేలు కాళ్ళు కొట్టుకుంటోంది. ఖాలా దాని ముందు నేల మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఉంది.

"మా చిన్నోడు ఏడ్సినట్టే ఏడ్సింది సార్" అంది. ఆమె బిడ్డకు అప్పటికి కొన్ని వారాల క్రితమే కొడుకు పుట్టాడు. ఆ బాలింత ఖాలా దగ్గరే, పెర్కిట్‌లోనే ఉంది.

డాక్టరమ్మ చచ్చిన కుందేలును కోసి చూసింది. కడుపు దాదాపు ఖాళీ, పేగులు కదలడం మానేసినట్టు బిగుసుకుపోయి ఉన్నాయి. అంటురోగం జాడ లేదు. "ఏదో విషం సార్" అంది మెల్లగా. మేతను పరీక్షించాను. నీళ్ళను పరీక్షించాను. ఏమీ దొరకలేదు. గదికి తాళం వేసి తాళంచెవి నా జేబులో పెట్టుకున్నాను. ఎవరో కక్ష కట్టి చేస్తున్నారని నా నమ్మకం.  నిజం చెబుతున్నా, ఆ రోజుల్లో ఆ గదిలోకి ఒంటరిగా పోవాలంటే భయం వేసేది. నేను పెద్దవాణ్ణి, చదువుకున్నవాణ్ణి, దయ్యాలను నమ్మనివాణ్ణి. అయినా తలుపు తీసేముందు గొంతు సవరించుకునేవాణ్ణి, లోపల ఎవరో ఉన్నట్టు.

ఆ తలుపుకి పైన చిన్న గాజుపలక ఉండేది. ఒకరోజు పొద్దున మేతవేళ, ఖాలాకు తాళంచెవి ఇచ్చి పంపి, ఎందుకో మనసు ఊరుకోక వెనకే వెళ్ళి గాజులోంచి చూశాను. ఆమె మేత పెట్టేసింది. తర్వాత కొంగు ముడి విప్పింది. అందులో జొన్నరొట్టె ముక్కలు, పచ్చటివి, పక్కన చిన్న పొడి పొట్లం. మందు లేని వరస ముందు ఒక్కో బోను దగ్గరా ఆగి, లోపలికి చెయ్యి పెట్టి, ఆ తలలను తన వైపు తిప్పుకుని, ఒక్కో ముక్కా బుజ్జగించి తినిపిస్తోంది. "ఖాలే బేటా, తిను" అంటోంది.

తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను. "ఏం పెడుతున్నవ్ ఖాలా?"

ఆమె భయపడలేదు, దాచనూ లేదు. "పసుపు సార్. రొట్టెల పిసికి పెడుతున్న. ఆ వరసకు మీరు పసుపు దవా ఇస్తున్నరు గదా, గివి దిక్కులేకుండ చస్తున్నయ్. నా కండ్ల ముంగట గట్ల సావనియ్య. గందుకే నేనే ఇస్తున్న."

"ఎప్పటి నుంచి?"

"షురూ సంది. బీమారి ఎక్కువైనంక ఇంకింత ఎక్కువ పెడుతున్న."

 వెనకే వచ్చిన డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "పసుపు తిని కుందేళ్ళు చావవు సార్. ఎదురు వరస కూడా పసుపే తింటోంది, రోజూ."

అవును. మరి ఇదేం పసుపు?

ఖాలా కొంగు ముడిలో మిగిలిన పొడి తీసుకుని బల్ల దగ్గరికి పోయాను. ఒక గ్లాసు నీళ్ళలో మా పసుపు చిటికెడు వేశాను. కొంత పైన తేలింది, కొంత మెల్లగా దిగింది. ఇంకో గ్లాసులో ఖాలా పసుపు వేశాను. వేసీ వేయగానే చాలావరకు ఇసుకలా అడుక్కి పోయి కూర్చుంది, రంగు రవ్వంత కూడా చెదరలేదు. మూసలో వేసి కాల్చాను. పసుపు మొక్క నుంచి వచ్చేది, కాలిస్తే కాస్త బూడిద మిగలాలి. ఇది సగానికి పైగా కాలనే లేదు, బరువుగా అడుగున మిగిలింది. లారీలకు వేసే పసుపుపచ్చ పెయింటులో ఒక రంగు పొడి వాడతారు. అందులో సీసం ఉంటుంది. ఇదీ అదేనని నాకు అనుమానం వచ్చింది. సీసం పేగులను బిగించేస్తుంది, మెదడును తింటుంది.

"ఈ పసుపు ఎక్కడిది ఖాలా?"

"మా అల్లుడు తెచ్చిండు. డ్రమ్ముల కాడ పని జేస్తడు. డ్రమ్ము కింద రాలిన పొడిని ఊడ్సి తెస్తడు. సోన లెక్క మెరుస్తది సార్, బజార్ల గంత మంచిది దొర్కది."

ఆర్మూర్‌ను ఆడిపోసుకోవద్దు. మామూలుగా పాలిష్ పెట్టేటప్పుడు పసుపు పొడినే నీళ్ళలో కలిపి చల్లుతారు. ఆ ఒక్కచోట మాత్రం పాత సరుకు కొత్తగా మెరవాలని ఈ రంగు పొడి చల్లారు. కొమ్ములకు అంటుకున్నది కొంత, కింద రాలింది బోలెడంత. ఆ రాలిందే ఊడ్చి ఇంటికి తీసుకుపోయాడు అల్లుడు.

అప్పుడు డాక్టరమ్మ అడిగింది, గొంతు చాలా చిన్నగా. "మీ ఇంట్లో కూడా ఇదే వాడుతున్నారా ఖాలా?"

"మాకు ఏడ సరిపోతది? కూరలకు దుకాణందే. గిది మా బిడ్డకు, గీ కుందేళ్ళకే. బాలింత గదా, పొద్దుమాపు పాలల్ల ఏసి తాపుతున్నం. అల్లుడు గందుకే తెచ్చిండు."

డాక్టరమ్మ నా ముఖం చూసింది. నేను అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాను.

పెర్కిట్‌కి ఆటోలో పోతున్నంతసేపూ ఖాలా నమ్మలేదు. "చిల్లా నిండలే సార్, నలభై దినాలు గడప దాటొద్దు" అంటుంది, "మాకు మా దాయి చెప్పింది, కాన్పు జేసినామె, బాలింతకు నొప్పులు ఉంటయ్ అని" అంటుంది, "మీరు ఉత్తగ ఫికర్ జేస్తున్నరు" అంటుంది. అంటూనే ఆటోవాణ్ణి తొందరపెడుతోంది.

ఇల్లు రెండు గదులు, మధ్యలో పూల పరదా. పరాయి మగవాణ్ణి, పైగా బాలింత ఉన్న ఇల్లు. నేను ముందుగదిలో కుర్చీలో కూర్చున్నాను. డాక్టరమ్మ, ఖాలా లోపలికి పోయారు. అంతలో అల్లుడు తిండికి వచ్చాడు. సన్నటి కుర్రవాడు, కనురెప్పల దాకా పసుపు. సంగతి చెప్పాను. మొదట అర్థం కాలేదు, అర్థమయ్యాక కోపం వచ్చింది.

"నా బీవీకి నేను జహర్ పెడుతనా సార్? ఏం మాట్లాడుతున్నరు? మా సేటు చల్లే పొడి గది, రంగు కోసం. పసుపుల పసుపే! ఇగో సూడండ్రి" అని గూట్లోంచి స్టీలు డబ్బా తీసి, మూత తీసి, వేలితో ఇంత తీసుకుని నోట్లో పెట్టుకోబోయాడు. నేను లేచి చెయ్యి పట్టుకున్నాను. పెనుగులాడాడు. డబ్బా కింద పడి గదంతా పచ్చటి దుమ్ము లేచింది. ఇద్దరం దగ్గుతూ ఆగిపోయాం.

సరిగ్గా అప్పుడే మిగిలిన డ్రమ్ములూ ఆగాయి. ఊరు నిశ్శబ్దమైంది.

పరదా వెనక నుంచి వినిపించింది. కరకర. కాసేపు ఆగి, మళ్ళీ కరకర.

నా ఒంటి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.  డాక్టరమ్మ మెల్లగా పరదా పక్కకు తీసి నన్ను చూసింది. ఆమె భుజం మీదుగా నాకు కొంచెమే కనిపించింది. మంచం మీద ఒక పిల్ల, ఇరవై ఏళ్ళు కూడా ఉండవేమో, మా వైపు వీపు పెట్టి, నుదురు గోడకు ఆనించి కూర్చుంది. పక్కన పసివాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఆమె తల తిప్పడం లేదు.

ఖాలా మంచం దగ్గర నిలబడి వింటోంది. అంతకు ముందు ఆ చప్పుడు ఆమె విననిది కాదు. పొద్దంతా మా గదిలో వింటోంది, ఇంటికి వచ్చి ఇక్కడా వింటోంది. రెండూ ఒకటేనని ఆ క్షణం దాకా ఆమెకు తట్టలేదు. ఇప్పుడు తట్టింది. ఆ ముఖం నేను చచ్చేదాకా మరిచిపోలేను.

"యా అల్లా" అంది. "అదే. గదే చప్పుడు."

తర్వాత ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. చిల్లా మాట ఎత్తలేదు. పిల్లవాణ్ణి డాక్టరమ్మ చేతుల్లో పెట్టి, బిడ్డ చంకల కింద చేతులు వేసి లేపింది. "ఉఠో బేటీ. నడువు. నా మీద బరువు ఏసి నడువు." అల్లుడు గోడకు ఆనుకుని నిలబడ్డాడు, పచ్చటి చేతులను ప్యాంటుకు తుడుచుకుంటూ ఉన్నాడు. నేను వాణ్ణి జబ్బ పట్టి లాక్కుపోవలసి వచ్చింది.

నిజామాబాద్ పెద్ద దవాఖానలో డాక్టరు మొదట మమ్మల్ని వింతగా చూశాడు. పసుపంటున్నారు, కుందేళ్ళంటున్నారు, వెంట ఒక పశువుల డాక్టరు! మా డాక్టరమ్మ మాత్రం తగ్గలేదు. నెత్తురులో సీసం చూడండి, చూసేదాకా ఇక్కడి నుంచి కదలను అని కుర్చీ లాక్కుని కూర్చుంది. నెత్తురు హైదరాబాద్ పోయింది. ఫలితం చూశాక ఆ డాక్టరే పరుగులు పెట్టాడు. సీసాన్ని ఒంట్లోంచి లాగే మందు ఎక్కించారు. తల్లిపాలు ఆపించి పసివాడికీ పరీక్షలు చేశారు. వాడికి కొద్దిగానే చేరింది. బాలింతకు ఒక పట్టాన తెలివి రాలేదు. ఒకసారి కళ్ళు తెరిచి, ఖాలా ఒళ్ళోని పిల్లవాణ్ణి చాలాసేపు చూసి, "గీ పిల్లగాడు ఎవలోడు అమ్మీ?" అని అడిగింది. ఖాలా పిల్లవాణ్ణి అల్లుడి చేతుల్లో పెట్టి వరండాలోకి వచ్చి గోడకేసి తల బాదుకుంది. నేను, డాక్టరమ్మ ఇద్దరం పట్టుకున్నా ఆగలేదు.

మరి కొన్నాళ్ళకు ఆ పిల్ల తనంతట తానే చేతులు చాచి కొడుకును అడిగింది. బతికింది. ఇప్పటికీ అప్పుడప్పుడు మాట మధ్యలో ఆగి ఏం చెబుతోందో మరిచిపోతుందట. పిల్లవాడు అంగన్‌వాడీకి పోతున్నాడు, వాడి అల్లరి భరించలేకపోతున్నామని ఖాలా ఫోన్లో సంతోషంగా తిడుతూ ఉంటుంది.

ప్రయోగం సంగతా? మందు లేని వరసలో ఒక్కటీ మిగలలేదు. పోల్చడానికి ఏమీ లేకపోయాక మందు వరసతో ఏం చెప్పగలం? క్యాప్సూల్ కొలెస్ట్రాల్ తగ్గిస్తుందా అని నన్ను ఈ రోజు అడిగినా తెలియదనే చెబుతాను. రూలు తప్పిందని ఖాలాను తీసేయమని యజమాని హుకుం చేశాడు. నేను గట్టిగా అరిచాను, ఆయన ఇంకా గట్టిగా అరిచాడు, చివరికి ఆమెను తీసేశారు. ఆమె చేసింది తప్పే. మీలో ఎవరు చేసినా నేనూ ఊరుకోను. కానీ ఆమె ఆ తప్పు చేయకపోయి ఉంటే ఆ కుందేళ్ళు హాయిగా కొవ్వు మేత తినేవి, మా అంకెలు చక్కగా వచ్చేవి, పరదా వెనక ఆ పిల్ల చచ్చిపోయేది, ఎందుకో ఎవరికీ తెలిసేది కాదు. ఇది తలుచుకుంటే నాకిప్పటికీ నిద్ర పట్టదు. రూలు గొప్పదా, జాలి గొప్పదా అని నన్ను అడగకండి. నాకు తెలియదు.

ఇంత చెప్పినా అసలు సంగతి ఇంకా చెప్పలేదు. పరీక్ష ఫలితం వచ్చిన రోజు, దవాఖాన వరండాలో అల్లుడు నా పక్కన వచ్చి కూర్చున్నాడు. 

"సార్, ఒక మాట. ఆ పొడి నేనొక్కన్నే ఊడ్సుకపోలే. డ్రమ్ము కాడ పని జేసేటోళ్ళం అందరం పంచుకుంటం. మంచిగుందని మస్తు మంది తీస్కపోయిన్రు."

ఖాలా ఎదురుగా బెంచీ మీద ఉంది. విన్నది. పిల్లవాణ్ణి డాక్టరమ్మకు అప్పగించి లేచింది.

ఆ మధ్యాహ్నమే ఖాలా, అల్లుడు, నేను ముగ్గురం తిరిగి వచ్చి ఆ పనివాళ్ళ ఇంటింటికీ తిరిగాం. అధికారులకు ఫోన్లు చేశాను, వాళ్ళు వచ్చి ఆ డ్రమ్ములున్న గోదాముకి తాళం వేశారు. కానీ వాళ్ళు వచ్చేలోగా ఎన్ని గ్లాసుల పాలలో ఆ పొడి కలుస్తుందో ఎవరికి తెలుసు? ఏ ఇంటికి పోయినా ఒకటే కథ. "గింత మంచి పసుపును పారబోయమంటరా?" అని డబ్బా దాచుకునేవాళ్ళు. సీసం, విషం, మెదడు అని నేను ఉపన్యాసం ఇస్తుంటే నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసేవాళ్ళు. ఖాలా రెండు మూడు ఇళ్ళ దాకా ఊరుకుంది. తర్వాత నన్ను చేత్తో పక్కకు జరిపి తను ముందు నిలబడింది.

ఒక ఇంటి గుమ్మంలో పెద్ద బొట్టు పెట్టుకున్న ఒక నడివయసు ఆమె. డబ్బా ఇవ్వనంది. మేం నోముకు వాడతాం, పిల్లలకు నలుగు పెడతాం, ఇవ్వం అంది. ఖాలా వాదించలేదు. పాత పరిచయం ఉన్నట్టు ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఒక్క మాట చెప్పు అక్కా, డబ్బా మాట తర్వాత. మీ ఇంట్ల ఎవరన్న అన్నం తింట లేరా?"

ఆమె ముఖంలో కోపం అలాగే ఉండిపోయింది. చెయ్యి ఖాలా చేతిలోనే ఉంచి, మెల్లగా తల తిప్పి, వెనక ఉన్న చీకటి గది వైపు చూసింది.

మేం చెప్పులు విప్పి లోపలికి పోయాం.